సెప్టెంబరు మార్కులు

"ఇంకా మంటగా ఉందా?"

సెన్నీ తల ఊపింది. ఏడేళ్ల పిల్ల పాదాలు రెండూ గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో ఉన్నాయి. తెల్లగా పాలిపోయిన వేళ్ల చివర్లు ఇప్పుడిప్పుడే ఎర్రబడుతున్నాయి. ఐలా కింద కూర్చుని ఆ వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని చూస్తోంది.

ఆమె భర్త గ్రాంట్ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ఆ వంటగదిలో ఎక్కడ నిలబడినా ఏదో ఒకదానికి అడ్డమే.

"నలభై నిమిషాలు," అంది ఐలా తల ఎత్తకుండా. "మైనస్ పద్నాలుగులో, బడి మెట్ల మీద. పక్కింటి జినెట్ కుక్కని తిప్పడానికి అటువైపు వెళ్లకపోయి ఉంటే?"

"తెలుసు."

"తాళం వేసిన బడి, గ్రాంట్. పోయిన జూన్‌లో మూసేసిన బడి. కిటికీలకి చెక్కలు కొట్టేశారు. అవి కూడా కనపడలేదా నీకు?"

"మ్యాచ్ రోజు కదా. బుర్ర ఎక్కడో ఉంది."

"సెప్టెంబరు నుంచీ రోజూ వంతెన దాటి కొత్త బడికే తీసుకెళ్తున్నావు. అందులో మ్యాచ్ రోజులు లేవా?"



"నేను చెప్పానమ్మా," అంది సెన్నీ. "ఇది కాదు నాన్నా అని చెప్పాను. పరిగెత్తు, గంట కొట్టేస్తారు అన్నాడు. చెయ్యి ఊపి వెళ్లిపోయాడు."

గ్రాంట్ రెండు వేళ్లతో కళ్లు నొక్కుకున్నాడు.

"ఐలా, ఆ లైటు తీసెయ్యవా?"

ఐలా అప్పుడు తలెత్తింది. ఆదివారం నుంచి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. లేచి లైటు తీసేసింది. ఏప్రిల్ నెల పొద్దుటి వెలుగు, ఇంటి వెనక మంచు మీద నుంచి లేచి, బూడిదరంగులో లోపలికి వచ్చింది. దానికి కూడా అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పిల్ల పాదాలు తుడిచి, ఊలు మేజోళ్లు రెండు జతలు తొడిగి, ముందు గదిలో సోఫాలో కూర్చోబెట్టి దుప్పటి కప్పి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఆదివారం మ్యాచ్‌లో తలకి తగిలిన దెబ్బ తర్వాతే ఇదంతా."

"నిన్న పరీక్ష పెట్టారు. పాసయ్యాను. కంప్యూటర్ బాగానే ఉన్నానంది. డాక్టర్ బాగానే ఉన్నావన్నాడు. ఇక ఒప్పుకోవలసింది నువ్వొక్కదానివే."

"దేనితో పోల్చి బాగున్నావన్నారు?"

అతను కాఫీ కప్పు కోసం చెయ్యి చాచాడు.

"సెప్టెంబరు మార్కులతో," అంది ఐలా. "ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పావు నాకు. గుర్తుందా?"

సీజన్ మొదట్లో గ్రాంట్ ఆడే ఐస్ హాకీ జట్టులో ప్రతివాణ్నీ కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. పదిహేను మాటలు చూపించి, కాసేపాగి ఎన్ని గుర్తున్నాయని అడుగుతారు. ఆ మార్కులు దాచిపెడతారు. తర్వాత ఎవడికైనా తలకి దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. పాత మార్కులకి దగ్గరగా వస్తే ఆడొచ్చు. రాకపోతే వారాలు, ఒక్కోసారి నెలలు, బయట కూర్చోవాలి. అందుకని సెప్టెంబరులో అందరూ కావాలనే తక్కువ మార్కులు తెచ్చుకుంటారు. గ్రాంట్ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "పదిహేనులో ఆరు చెప్పాను. ఆవుల మందలో కూడా నాకు ఆఖరి ర్యాంకే వస్తుంది," అన్నాడు. ఐలా పొట్ట పట్టుకుని నవ్వింది. కాఫీ ఒలికిపోయింది.

"నిన్న ఎన్ని చెప్పావు?"

"ఆరు."

"కావాలని ఆరా? వచ్చినవే ఆరా?"

గ్రాంట్ కప్పులోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఐలాకి జవాబు అక్కర్లేకపోయింది.

"ఇవాళ నువ్వు ఆడట్లేదు," అంది.

"చెరి మూడు గెలిచాం. ఇది ఏడో మ్యాచ్ ఐలా. ఇవాళ ఓడితే సీజన్ అయిపోయినట్టే."

"అయిపోనీ."

"నేను కూర్చుంటే నా చోట్లో ఎవడు దిగుతాడో తెలుసా? ప్రూ. పొట్టేలులాంటి వాళ్ల తొమ్మిదో నంబరువాడి ముందు ఆ పుల్లలాంటివాడు. మొదటి పది నిమిషాల్లో గోడకేసి అంటిస్తారు వాణ్ని."

"నిన్ను అంటించినట్టే."

"నాకు అలవాటు."

ఎంత మామూలుగా అన్నాడో ఆ మాట. 

"నా పనేంటో నీకు తెలుసు," అన్నాడు గ్రాంట్, నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ. "ఆరుగురు డిఫెన్స్ వాళ్లలో నేను ఆరోవాణ్ని. గోల్ కొట్టను. పేపర్లో పేరు రాదు. మ్యాచ్‌కి పద్నాలుగు నిమిషాలు ఆడతాను. ఆ పద్నాలుగు నిమిషాలూ మా గోల్ ముందు ఎవడూ తీరిగ్గా నిలబడకూడదు. నిలబడ్డవాడికి రేపు పొద్దున్న నడుం పట్టేయాలి. అంతే నాకు చేతనైంది. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. అది కూడా చెయ్యలేనంటే ఇంకెందుకు నేను?"

"సెన్నీని బడిలో దింపడానికి," అంది ఐలా.

బయట హారన్ మోగింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. మ్యాచ్ రోజుల్లో తొమ్మిదేళ్లుగా అదే హారన్. ఐలా తండ్రి రెయినో వచ్చాడు, అల్లుణ్ని పొద్దుటి సాధనకి తీసుకెళ్లడానికి.

రెయినో లేటిమాకికి అరవై మూడేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఊరి జట్టుకి డిఫెన్స్ కోచ్. బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుని, చంకలో యాలకుల రొట్టె పొట్లంతో లోపలికొచ్చాడు. ముందు గదిలో మనవరాలు కనిపించింది.

"ఏమే దొరసానీ, బడి ఎగ్గొట్టావా?"

"బూట్లలోకి మంచు వెళ్లింది మావయ్యా," అన్నాడు గ్రాంట్ గబగబా వంటగది గుమ్మంలోకి వచ్చి.

"కాదు తాతయ్యా. నాన్న నన్ను పాత బడి దగ్గర దింపేసి వెళ్లిపోయాడు."

రెయినో రొట్టె పొట్లం విప్పుతున్నాడు. ఆ చేతులు ఆగాయి. అల్లుడి మొహంలోకి చూశాడు. ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి కన్ను, మళ్లీ ఎడమ కన్ను.

ఐలా ఎదురుచూసింది. ఇక ఆ ముసలాయన నోరు విప్పాలి. ఇంత చూశాక విప్పకుండా ఉండలేడు.

"బాగా చలేసిందా తల్లీ?" అన్నాడు రెయినో మనవరాలితో. రొట్టె ముక్క కోసి చేతిలో పెట్టాడు. గడియారం చూసుకున్నాడు. "పది కావస్తోంది. గ్రాంట్, పద."

"నాన్నా, నువ్వు విన్నావు."

"విన్నాను."

"అంతేనా?"

"ఇవాళ కాదు తల్లీ. రేపు కూర్చుని మాట్లాడుకుందాం."

గ్రాంట్ ఆమె వైపు చూడకుండా కోటు తీసుకున్నాడు. చెయ్యి దూర్చబోతే ఒక చెయ్యి తప్పిపోయింది. రెండోసారి దూరింది. రెయినో అటు తిరిగి తలుపు తీస్తున్నాడు. చూడలేదో, చూడనట్టున్నాడో ఐలాకి తెలియలేదు.

* * *

మ్యాచ్ రోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఆటగాడి ఇంట్లో ఫోను మోగకూడదు. కుక్క మొరగకూడదు. పెళ్లాం పాత్రలు తోమకూడదు. ఆ ఊళ్లో పెళ్లిచూపులప్పుడే ఆడపిల్లకి ఈ సంగతి చెప్పేస్తారని ఐలా అమ్మ హాస్యమాడేది.

సాధన నుంచి వచ్చి గ్రాంట్ కోడిమాంసం, నూడుల్సు సగం తిన్నాడు. సగం వదిలేశాడు. పడకగది తెరలు లాగమన్నాడు. తెరల సందులోంచి వస్తున్న వెలుగు గీత మీద తువ్వాలు కప్పమన్నాడు. పడుకోగానే నిద్రపోయాడు.

ఐలా గుమ్మంలో నిలబడిపోయింది. ఇలాంటి చీకటి గది ఇంకొకటి ఆమెకి తెలుసు. తండ్రి ఇంట్లో వెనకవైపు గది. అందులో ఆమె అన్న ఒన్నీ ఉంటాడు. ముప్పై ఎనిమిదేళ్లు. అతనూ ఒకప్పుడు ఇదే జట్టులో డిఫెన్స్‌లో ఆరోవాడే. తాగుడు మనిషిని తినేసిందని ఇంట్లో అందరూ అనేవాళ్లు. ఐలా కూడా అనేది. రెండేళ్ల క్రితం సెన్నీ పుట్టినరోజుకి అతను తూలుతూ వస్తే, కేకు ముందు పిల్లలందరూ చూస్తుండగా, "ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు," అంది. అతను తొక్కలేదు.

గ్రాంట్ చుక్క ముట్టడు.

ఆ ఆలోచన వచ్చాక ఆమె ఇక నిలబడలేకపోయింది. సెన్నీని పక్కింటి జినెట్ దగ్గర వదిలి, కారు తీసి, ఆట జరిగే మంచు రింక్‌కి వెళ్లింది.

వెనక తలుపు తోసి నడవాలోకి అడుగుపెట్టింది. లోపలంతా చెమట, అమోనియా కలిసిన వాసన. చిన్నప్పటి నుంచీ తండ్రి కోటుకి ఉండే వాసనే. ఉత్త సిమెంటు నేల మీద ఆమె బూట్లు టకటకలాడాయి. నడవా చివర ఆటగాళ్ల గది. అక్కడికి కాస్త ముందు నుంచి నేలంతా నల్లటి రబ్బరు చాపలు పరిచి ఉంటాయి, స్కేట్ల అంచులు పాడవకుండా. ఆ చాపల మీద ఏనుగు నడిచినా చప్పుడు రాదు. చాపలు మొదలయ్యే ముందు, ఎడమవైపు, డాక్టర్ గది.

డాక్టర్ బెల్‌మోర్ పగలు ఊళ్లో జనానికి జ్వరాలు చూస్తాడు. సాయంత్రాలు ఆటగాళ్లకి కుట్లు వేస్తాడు. గ్రాంట్ మొహం మీదే నూటికి పైగా కుట్లు వేశాడు. ఐలా చెప్పిందంతా విన్నాడు. పాత బడి, కోటు చెయ్యి, లైటు, ఆరు మాటలు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"సెప్టెంబరు సంగతి నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు చివరికి. "మా గోల్‌కీపరు సెప్టెంబరులో వాడి పుట్టినరోజు కూడా తప్పు చెప్పాడు. నిజంగా ఆ మార్కులొచ్చినవాళ్లయితే వీళ్లలో సగంమందిని రోడ్డు దాటించడానికి మనిషిని పెట్టాలి."

"తెలిసి ఎలా ఊరుకుంటున్నారు?"

"తెలియడం వేరు, నిరూపించడం వేరు. నేను అనుమానం మీద గ్రాంట్‌ని ఆపాననుకో. మేనేజరు వస్తాడు. ఆధారం చూపించమంటాడు. గ్రాంట్ ఇదే కుర్చీలో కూర్చుని, మా ఆవిడ కంగారు మనిషి డాక్టర్, అంటాడు. అనడా?"

ఐలా ఒప్పుకోక తప్పలేదు. "అంటాడు."

బెల్‌మోర్ ఒక తెల్ల కాగితం ఆమె ముందుకు తోశాడు.

"రాసివ్వు. అతను నీకు ఎప్పుడు చెప్పాడు, ఏమని చెప్పాడు, ఈ విద్య ఎవరు నేర్పారు. కింద సంతకం పెట్టు. అప్పుడు సెప్టెంబరు మార్కులు చెల్లవు. అవి చెల్లకపోతే ఆట లేదు. అది లీగ్ రూలు, మేనేజరు కూడా ఏం చెయ్యలేడు."

"ఎవరు నేర్పారన్నది ఎందుకు?"

"అది లేకపోతే మొగుడి మీద పెళ్లాం ఫిర్యాదు. నవ్వేసి పక్కన పెడతారు. అది ఉంటే జట్టు మీద ఫిర్యాదు. పక్కన పెట్టలేరు." ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. ఎవరి పేరో ఆయనకి తెలుసు. ఆ ఊళ్లో ఎవరికి తెలియదు?

తలుపు మీద ఎవరో కొట్టారు. గోల్‌కీపరు వేలు వాచిందట, డాక్టర్‌ని రమ్మంటున్నారట. బెల్‌మోర్ సంచీ తీసుకుని లేచాడు.

"నాలుగున్నరకి ఆడేవాళ్ల జాబితా నా సంతకానికి వస్తుంది. ఈలోపే ఏదైనా."

తలుపు దానంతటదే మూసుకుంది.

ఐలా రాయడం మొదలుపెట్టింది. తేదీ రాసింది. గ్రాంట్ పెలెష్, ఇరవయ్యారో నంబరు, అని రాసింది. వంటగది, కాఫీ, ఆరు మాటలు. రాస్తున్నంతసేపూ తను ఆ రోజు నవ్విన నవ్వు చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

తర్వాత పెన్ను ఆగింది.

ప్రతి సెప్టెంబరులో, పరీక్ష రోజు పొద్దున్న, ఆమె తండ్రి కుర్రాళ్లందరికీ తనే కాఫీ పోసిచ్చి ఒక మాట చెబుతాడు. "ఇవాళొక్కరోజు మొద్దులుగా ఉండండి అబ్బాయిలూ. ఏప్రిల్‌లో మేధావులవుతారు." ఇంట్లో పండగ భోజనాల దగ్గర కూడా చెప్పుకుని నవ్వుకునే మాట అది.

ఐలా ఆ మాట ఉన్నదున్నట్టు రాసింది. నేర్పినవారు: రెయినో లేటిమాకి, మా నాన్న, అని రాసింది. ఆఖరి రెండు మాటలూ కొట్టేసింది. సంతకం పెట్టింది.

ఆ సంతకం తడి ఆరకముందే తలుపు తెరుచుకుంది. చేతిలో జాబితాతో రెయినో లోపలికి వచ్చాడు.

* * *

కూతుర్ని చూసి ఆగాడు. బల్ల మీద కాగితం చూశాడు. అడగకుండానే తీసుకుని, నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇది పైకి వెళ్తే నేను మళ్లీ రింక్‌లో అడుగుపెట్టలేను."

"తెలుసు."

"ముప్పై ఒక్క ఏళ్లు."

"తెలుసు నాన్నా. ఆ ఏళ్లన్నీ నేను ఇంట్లో కూర్చుని లెక్కపెట్టినవే."

రెయినో జాబితా బల్ల మీద పెట్టాడు. ఇరవై పేర్లు. కింది నుంచి మూడోది గ్రాంట్‌ది.

"అతని విలువెంతో నీకు తెలియదు," అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఎవరికీ తెలియదు. ఈ సీజన్‌లో గ్రాంట్ లేకుండా తొమ్మిది మ్యాచ్‌లు ఆడాం. ఏడు ఓడిపోయాం. ఎందుకు ఓడిపోయామో పేపర్లవాళ్లకి అర్థం కాలేదు. నాకు తెలుసు. అతను లేనప్పుడు మా గోల్ ముందు వాళ్లు కాఫీ తాగుతూ నిలబడతారు. మంచి డిఫెన్స్ వాళ్లు రెండు నిమిషాలు ఎక్కువ ఆడి అలిసిపోతారు. ఆఖరి పది నిమిషాల్లో ఇల్లు కూలుతుంది. అతను ఉంటే కూలదు. అదీ అతని పని. కనపడేది కాదు."

"ఆదివారం కనపడింది."

"ఆదివారం," అన్నాడు రెయినో. "మన కార్స్‌వెల్ గోల్ కొట్టాడని ఊరు ఊరంతా హారన్లు కొట్టుకుంటూ తిరిగింది. ఆ పక్ బిళ్ల అతనికి ఎవరిచ్చారు? గ్రాంట్ మూలలోకి వెళ్లాడు. వెనక నుంచి తొమ్మిదో నంబరువాడు వస్తున్నాడని తెలుసు. స్కేట్ల చప్పుడు వినపడుతుంది. పక్ వదిలేసి తప్పుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. తప్పుకోలేదు. ఒక్క క్షణం ఎక్కువ ఆగాడు. కార్స్‌వెల్ ఖాళీ అయ్యేదాకా. పాస్ ఇచ్చి, అప్పుడు తిన్నాడు ఆ దెబ్బ. ఆ ఒక్క క్షణం నేర్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది ఐలా."

"నువ్వే నేర్పావా అది కూడా?"

"నేనే."

"అయితే విను. ఆ క్షణం ఇవాళ పొద్దున్న నలభై నిమిషాలు బడి మెట్ల మీద కూర్చుంది. సెన్నీ కాలివేళ్లు నేను చేతుల్లో పట్టుకుని చూశాను."

 గోడ అవతల ఎక్కడో మంచు చదును చేసే బండి గుర్రుగుర్రుమంటోంది.

"విలువ విలువ అంటావు. అంత విలువైనవాడైతే దాచుకోవా?" అంది ఐలా. "లైటు చూడలేకపోతున్నాడు నాన్నా. తెరలు వేసుకుని, వాటిమీద తువ్వాళ్లు కప్పుకుని పడుకుంటున్నాడు. అచ్చం ఒన్నీలాగా. తాగకుండానే."

ఆ మాట ఆమె దెబ్బ కొట్టాలని అనలేదు. నోటికొచ్చింది, అనేసింది.

రెయినో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. కూర్చోవడానికి అంతసేపు పట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కాగితం తన వైపు తిప్పుకున్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీశాడు, పెట్టుకోలేదు.

"ఇందులో ఒక పేరు తక్కువైంది," అన్నాడు.

"ఎవరి పేరు?"

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఆమె సంతకం కింద, వంకరగా, చిన్నపిల్లాడిలా ఒక్కో అక్షరం రాశాడు. ఐలా తలకిందులుగానే చదివింది.

ఒన్నీ లేటిమాకి. నాలుగుసార్లు.

"ఈ పరీక్ష కొత్తగా వచ్చిన రోజులు," అన్నాడు రెయినో కాగితంతో మాట్లాడుతున్నట్టు. "దాన్ని తప్పించుకునే దారి మొదట కనిపెట్టింది నేనే. మొదట నేర్పింది వాడికే. కొడుకు కదా, బయట కూర్చుంటే చోటు పోతుందని భయం. రెండు సీజన్లలో నాలుగు దెబ్బలు. నాలుగుసార్లూ పాసయ్యాడు. నాలుగోసారి అయ్యాక లాకర్ గదిలో నన్ను, మీరెవరండీ, అని అడిగాడు. హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను."

"తాగుడన్నావు." అంది ఐలా. "అమ్మ కూడా అదే నమ్మి పోయింది. తాగుడన్నావు నాన్నా!"

"తాగుడు తర్వాత వచ్చింది."

"నేను వాణ్ని గుమ్మంలోంచి గెంటేశాను. పిల్లలందరి ముందూ."

"తెలుసు. ఆ రోజు వాడు తాగలేదు తల్లీ."

ఐలా బల్ల అంచు పట్టుకుంది. తూలుతూ వచ్చిన ఒన్నీ. చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె. అందులో ఏముందో కూడా ఆమె చూడలేదు. పెట్టె వెనక్కి ఇచ్చేసింది.

ఆమె ఇంకేదో అనబోయింది. తలుపు తెరుచుకుంది.

గ్రాంట్.

సూటు వేసుకున్నాడు, టై కట్టుకున్నాడు, మ్యాచ్‌కి వచ్చేవాళ్లందరూ వచ్చినట్టే. కానీ మోకాళ్ల దాకా ప్యాంటు తడిసి మంచు అంటుకుని ఉంది. కుడిచేతి వేళ్ల కణుపుల మీద తోలు లేచి రక్తం కారుతోంది.

"సెన్నీ ఇక్కడుందా?" అన్నాడు. రొప్పుతున్నాడు. "తీసుకురావడానికి బడికి వెళ్లాను. తాళం వేసుంది. చుట్టూ తిరిగాను. కిటికీల మీద చెక్కలెవరో కొట్టేశారు. బాదాను, పిలిచాను. ఎవరూ పలకలేదు ఐలా. పిల్ల ఎక్కడా లేదు."



"జినెట్ వాళ్లింట్లో ఉంది," అంది ఐలా చాలా మెల్లగా. "భయపడకు. బాగానే ఉంది."

"జినెట్ దగ్గరెందుకు? ఇవాళ బడికి వెళ్లలేదా?"

ఐలా తండ్రి వైపు చూసింది. రెయినో చూపు అల్లుడి చేతి మీద ఉంది. నేల మీద పడుతున్న ఎర్రటి చుక్కల మీద ఉంది.

గ్రాంట్ ఊపిరి తీసుకున్నాడు. పిల్ల దొరికింది కదా, మొహంలోకి కాస్త రంగు వచ్చింది. బల్ల మీద జాబితా కనిపించింది. నవ్వబోయాడు.

"మావయ్యా, ఇరవయ్యారు ఉంది కదా?"

 రెయినో ఐలా రాసిన కాగితం, జాబితా, రెండూ కలిపి మడిచాడు. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. లేచి అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"పద," అన్నాడు.

"ఎక్కడికి నాన్నా?" అంది ఐలా. "ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

ఆయన వెనక్కి తిరగలేదు. ఇద్దరూ బయటికి వెళ్లారు. తలుపు దానంతటదే మూసుకుంది.

కుడివైపు వెళ్తే వెనక తలుపు దాకా ఉత్త సిమెంటు. బయట రెయినో కారు. ఊరి ఆసుపత్రికి ఏడు నిమిషాలు. ఎడమవైపు వెళ్తే నాలుగడుగులకి ఆ చప్పుడు రాని రబ్బరు చాపలు మొదలవుతాయి. చాపల చివర ఆటగాళ్ల గది.

ఐలా ఊపిరి బిగబట్టి వింది.

సిమెంటు మీద బూట్ల చప్పుడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అయిదో అడుగు వినపడలేదు.